నేను చదివి వినిపించని అర్జీ

మా పేపరు హిందూపురం ఆఫీసు మూసేస్తున్నట్టు మాకు వాట్సాప్‌లో తెలిసింది. జిల్లా పేజీలు ఇకమీదట వేరేచోట తయారవుతాయట, డెస్కులో ఉన్న మా నలుగురి సేవలకు కృతజ్ఞతలట. ఆ నాలుగు వాక్యాల్లో రెండు తప్పులున్నాయి. అలవాటు కొద్దీ ముందు వాటిని మనసులో దిద్దుకున్నాను. ఉద్యోగం పోయిందన్న సంగతి ఆ తర్వాత తలకెక్కింది. ఏడుపు రాలేదు గానీ ఒళ్లంతా మండిపోయింది.

మంట తగ్గాక అసలు బాధ మొదలైంది. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇన్నేళ్లుగా సాయంత్రం నాలుగైతే కాళ్లు వాటంతట అవే ఆఫీసు దారి పట్టేవి. ఇప్పుడు ఆ నాలుగింటికి కాలుగాలిన పిల్లిలా వసారాకీ వంటింటికీ తిరుగుతుంటే, మా అమ్మ "కాసేపు పండుకోరాదా" అనేది. నాయన పొద్దున్నే నేను చెప్పులు వేసుకునేటప్పుడు "ఈ పొద్దు యాడికి పోతాండావు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు ఒక్కో రోజు ఒక్కో ఊరి పేరు చెప్పేదాన్ని.

హిందూపురంలోనే ఒక ఫ్లెక్సీ షాపులో పని దొరికింది. పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి, గృహప్రవేశం, అన్నిటికీ మాటలు రాయాలి. మొదటిరోజు ఒక ముసలాయన శ్రద్ధాంజలికి ఆయన మనవరాలిని కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడి ఆరు లైన్లు రాశాను. షాపాయన చూసి నవ్వాడు. "మేడం, దుడ్లిచ్చేది ఫొటోకి. నీ మాటలు పెడితే ఆయప్ప మీసం యాడ పెట్టల్ల?" అన్నాడు. ఆరు లైన్లు ఒకటైంది. మర్నాటి నుంచి పోయినవాళ్లందరికీ అదే లైను.

ధర్మవరంలో ఇంకో పని. ఆన్‌లైన్లో పట్టుచీరలు అమ్మే షాపు. ఒక్కో చీర ఫొటో కింద నాలుగు వాక్యాలు రాయాలి. "కొంచెం ఫీలింగు ఉండాల మేడం" అనేది షాపావిడ. అమ్మమ్మ ట్రంకుపెట్టె, మొదటి వాన, పెళ్లికూతురి సిగ్గు, అన్నీ వారం రోజుల్లో అయిపోయాయి. రెండో వారం నుంచి అదే అమ్మమ్మ, రంగు మార్చి. నాకు సిగ్గేసేది, అయినా రాసేదాన్ని. రైల్లో తిరిగొస్తూ ఫోను తీసి తీసి చూసుకునేదాన్ని. అనంతపురంలో వేరే పేపర్లో ఖాళీ వస్తోందని, ఈ వారంలో పిలుస్తారని ఒక పాత సహోద్యోగి చెప్పి ఉన్నాడు. ఆ వారం వచ్చేలోపు చాలా వారాలు వెళ్లిపోయాయి.

మూడో పని పెనుకొండది, సోమవారాలు మాత్రమే. సోమవారం సబ్ కలెక్టరు ఆఫీసులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. బయట రోడ్డు పక్కన రేకుల నీడలో ఒక పెద్దాయన టేబుల్ వేసుకుని ముప్పై ఏళ్లుగా ఆ అర్జీలు రాస్తున్నాడు. విలేకరిగా తిరిగిన రోజుల్లో ఆయన దగ్గర నేను చాలా వార్తలు ఏరుకున్నాను. ఆయనకు కంట్లో పొర తీసే ఆపరేషన్ పెట్టుకున్నారు. "నెల దినాలు నా టేబుల్ కాడ కూచో పాపా. రాసేది నీకు కొత్తేం కాదు కదా" అన్నాడు.

టేబుల్ సొరుగు తాళంచెవి ఇస్తూ రెండు మాటలు చెప్పాడు. "ఒక కాగితంలో ఒకటే అడుగు. రాసినాక పూరా చదివి వినిపించు. వాళ్లు సరే అన్నాకనే సంతకం."

తల ఊపాను. పైకి వినయంగా ఊపినా, లోపల నవ్వుకున్నాను. మా వృత్తిలో అది తలకిందులు వ్యవహారం. రాసింది అచ్చుకాకముందు ఎవరి గురించి రాశామో వాళ్లకు చూపించకూడదు. చూపిస్తే అది తీసెయ్, ఇది మార్చు అంటారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పిన పాఠం అది, నేను కూడా తర్వాత వచ్చినవాళ్లకు అదే నేర్పాను.

మొదటి రెండు సోమవారాలు బాగానే గడిచాయి. పింఛను, రేషన్ కార్డు, కరెంటు స్తంభం. ఆయన చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించాను. విసుగ్గా ఉండేది. ప్రతి అర్జీలోనూ ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషిని తీసేసి 'నా సమస్యను పరిష్కరించవలసిందిగా' అని ముగించాలి.

మూడో సోమవారం ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. పెనుకొండకు దగ్గర్లోని పల్లె. భర్త బెంగళూరులో వాచ్‌మన్, ఆమె ఒక్కతే పట్టుపురుగులు మేపుతోంది. మల్బరీ తోటకు పోయే దారి మరిది పొలం గుండా ఉంది. ఉమ్మడి బోరు దగ్గర నీళ్ల వంతు మీద మాటా మాటా పెరిగి, అతను దారికి అడ్డంగా ముళ్లకంప వేసేశాడు.

"పురుగులకు మూడో జ్వరం లేచింది మేడం" అంది. నాకు ఆ లెక్క తెలుసు. పట్టుపురుగు చర్మం విడిచేముందు తిండి మానేసి కదలకుండా ఉంటుంది, దాన్నే జ్వరం అంటారు. నాలుగుసార్లు వస్తుంది. నాలుగోది లేచాక ఏడెనిమిది రోజులు షెడ్డులో వాన పడుతున్న చప్పుడు వచ్చేలా తింటాయి. ఆ రోజుల్లో ఆకు ఆగిందంటే గూళ్లు కట్టవు, పంట మొత్తం పోయినట్టే.

"ఇప్పుడు ఆకు ఎట్ల తెస్తాండావక్కా?"

"చెరువు కట్ట మీద సుట్టుకోని వస్తాండా. మైలు పైన. నెత్తిన కట్టలు పెట్టుకోని ఎన్ని తూర్లు తిరిగేది?" అని, కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించింది. "పొద్దున పూట మాత్రం మా తోడికోడలు సాయం చేస్తాది. మొగుడు పాలక్యాన్లు ఎత్తుకోని డెయిరీ కాడికి పోతానే, కంప పక్కకు లాగుతాది. నేను రెండు కట్టలు దాటించుకుంటా. మళ్లా మూసేస్తాది. చిన్నపిల్ల. బో మంచిది."

నా చెయ్యి ఆగింది. ఇన్ని నెలలుగా అమ్మమ్మ ట్రంకుపెట్టెల మధ్య చచ్చిపడి ఉన్నదేదో ఒక్కసారి లేచి కూర్చుంది. ఇదీ కథ! కంప కాదు, దారి కాదు, ఆ చిన్న కోడలు. రాశాను. గబగబా రాశాను. సర్వే నంబరు, దారి వెడల్పు, పురుగుల వయసు అన్నీ పెట్టి, చివరి పేరాలో ఆ అమ్మాయిని పెట్టాను. 'భర్త పాలకేంద్రానికి వెళ్లగానే ఆ ఇంటి ఇల్లాలే గుట్టుగా వచ్చి కంప తొలగించి తోడికోడలికి దారి ఇస్తోంది. మగవాళ్లు మూసిన దారిని ఆడవాళ్లు తెరుస్తున్నారు.' ఆ ఆఖరి వాక్యం రాసి, పెన్ను కింద పెట్టి, నాలో నేను మురిసిపోయాను. నిజం చెప్పాలి కదా, ఉద్యోగం పోయాక నాకు సంతోషం కలిగిన మొదటి నిమిషం అది.

అప్పుడే ఫోను మోగింది. అనంతపురం నుంచి. బుధవారం వచ్చి రాతపరీక్ష రాయమంటున్నారు. ఫోను చెవిలో పెట్టుకునే కాగితం ఆవిడ ముందుకు జరిపి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాను. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. నేను ఇటు మాట్లాడుతూనే, క్యూ మూసేస్తారు పో పో అని చేత్తో సైగ చేశాను. అంతకుముందే ఆ కాగితానికి ఒక ఫొటో కూడా తీసుకున్నాను, నాకోసం.

బుధవారం పరీక్ష బాగా రాశాను. చెప్తాం అన్నారు. గురువారం, శుక్రవారం ఫోను చేతిలో పట్టుకునే అన్నం తిన్నాను.

తర్వాతి సోమవారం నేను పెనుకొండ చేరేసరికి పెద్దాయన నల్లకళ్లద్దాలతో టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. డాక్టరు ఇంకో వారం ఆగమన్నా ఆయన ఆగలేదు. నేను రాసిన అర్జీల నకళ్లు ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. ఒకచోట ఆగాడు.

"ఇది పేపర్లో రాసినట్ల రాసినావు పాపా."

మెచ్చుకున్నాడనుకుని నవ్వాను కూడా.

"ఆయమ్మకు చదివి వినిపించినావా?"

"లేదు సార్. టైము లేకపోయింది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అర్జీ మీద ఎంక్వైరీ అంటే ఏందనుకున్నావు? వీఆర్వో ఊర్లోకి పోయి, రెండు పార్టీలనూ నిలబెట్టి, అర్జీ గట్టిగా చదువుతాడు. అది ఆయప్ప పని. ఎవురి మీద రాసినామో ఆ మనిషి ముందర, ఆ మనిషి పెండ్లాం ముందర చదువుతాడు."

నాకు ఆ సంగతి తెలియక కాదు. అలాంటి విచారణలు నేనే వార్తలుగా రాశాను. కానీ పేపరు చదివేవాడు ఎక్కడో ఉంటాడు, చదివి పక్కన పడేస్తాడు, రేపు ఆ కాగితంలో బజ్జీలు కడతారు. నా వాక్యం తిరిగి అదే ఇంటికి పోయి తలుపు తడుతుందని చెయ్యికి తెలియలేదు. ఒక వార్తలో రహస్యంగా సాయం చేసిన మనిషి ఉంటే పేరు, ఊరు, ఆనవాలు అన్నీ దాస్తాను. దాని కోసం పెద్దవాళ్లతో పోట్లాడాను. ఆ చిన్న కోడలిని దాచాలని మాత్రం నాకు తోచలేదు, ఆ వాక్యం అంత బాగా కుదిరింది మరి.

పదకొండు గంటలకు ఆవిడ వచ్చింది. నన్ను చూసి తిట్టలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలబడి, జరిగింది చెప్పింది. గురువారం విచారణకు వచ్చారు. ఊరు సగం చేరింది. అర్జీ చదివారు. ఆఖరి పేరా దగ్గరికొచ్చేసరికి అందరూ ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"మా మరిది అందురి ముందరా ఏమీ అనలే. ఇంటికి పోయి తలుపేసినాడు. తెల్లారి ఆయమ్మను బస్సెక్కిచ్చి ధర్మవరం పంపిచ్చేసినాడు, వాళ్లమ్మోళ్లింటికి. మళ్లా నా గడప తొక్కద్దన్నాడంట. దావ విషయం తహసీల్దారు కాడికి రాస్తారంట, ఎప్పుడో తెలీదు. ఇప్పుడు పొద్దున పూట కూడా దావ లేదు."

"నీ నోటితోనే చెప్పినావు కదక్కా" అన్నాను. అది సమర్థింపు అని నాకే తెలుస్తోంది, అయినా నోరు ఆగలేదు.

"నీకు చెప్పినా మేడం. కాగితానికి చెప్పలే."

పెద్దాయన తెల్లకాగితం తీశాడు. మూడు వాక్యాల్లో కొత్త అర్జీ రాశాడు. దారి తెరిపించాలి, పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి, బుధవారం నుంచి ఆకు చాలా కావాలి. చదివి వినిపించాడు. ఆవిడ సరే అన్నాక సంతకం. ఆ కాగితం ఎంత తొందరగా కదిలినా వారం పడుతుందని ముగ్గురికీ తెలుసు.

"నేను రేపు ధర్మవరం పోయి ఆ అమ్మాయిని చూసొస్తా" అన్నాను.

"పోయి ఏమి చెప్తావు?" అంది ఆవిడ.

"తప్పు నాదని చెప్తా."

"చెప్పు. ఎట్లుండాదో చూసి రా. దావ గురించి మాత్రం అడగద్దు. నా పురుగుల కోసం వచ్చినావనుకుంటాది."

మంగళవారం చీరల షాపుకు రానని చెప్పి, ఆవిడ చెప్పిన వీధి వెతుక్కుంటూ వెళ్లాను. ఆ అమ్మాయి అన్న కూలిమగ్గం నేస్తాడు. లోపల మగ్గం ఆడుతోంది, గడపలో ఆ అమ్మాయి కూర్చుని రాట్నం మీద దారం చుడుతోంది. ఇరవై మూడో ఇరవై నాలుగో. కుడి చెవి పక్కన చెంప కమిలి, పసుపు పచ్చగా మారి ఉంది. చూడనట్టు చూశాను. నేనెవరో చెప్పాను. ఫలానా అర్జీ రాసింది నేనే అని చెప్పాను.

రాట్నం ఆగింది.

"మగవాళ్లు మూసిన దారిని ఆడవాళ్లు తెరుస్తున్నారు" అంది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, తడబడకుండా అంది. "ఆ రేత్రి నా చేత చదివించినాడక్కా. ఫోన్లో ఫొటో తీసుకోనొచ్చినాడు. చదువు, మళ్లా చదువు అని. ఎన్ని తూర్లు చదివిచ్చినాడో. ఇప్పుడు నిద్దట్లో కూడా వస్తాది."

నేను రాసిన వాక్యం ఒకటి ఎవరికైనా నోటికి రావాలని నాకు చిన్నప్పటి నుంచి కోరిక. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కోరికతోనే ఈ వృత్తిలోకి వచ్చాను. అది అలా తీరింది. క్షమించు అన్నాను. ఆ మాట చిన్నదిగా ఉంది గానీ అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగుతుంటే తనే అడిగింది.

"పురుగులు యాడికొచ్చినాయి?"

"నాలుగో జ్వరం. రేపు లేస్తాయంట."

"అయితే రేపట్నుంచి ఆకు ఆరు కట్టలన్నా గావాల పూటకు. ఆయక్క ఒగతే చెరువు కట్ట మీద మోయలేదు." రాట్నం పిడి మీద చెయ్యి పెట్టి కూర్చుంది. "ఆయప్ప దినమూ ఫోను చేస్తాండాడు మా అన్నకు. ఆవులు నేను లేకుంటే పాలియ్యవు. వచ్చేయమను అంటాండాడు."

"ఏమి చెప్పమంటావు?"

"ముందు కంప తీయమను. నేను వచ్చేదీ రానిదీ తర్వాత మాట."

నా సంచిలో కాగితం, పెన్ను ఉన్నాయి. చెయ్యి దానంతటదే వాటి కోసం పోయింది.

"నువ్వు రాయద్దక్కా" అంది ఆ అమ్మాయి. "నోటితో చెప్పు."

మధ్యాహ్నం రైల్లో పెనుకొండకు, అక్కణ్ణుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్లాను. దారి పొడుగునా ఆ రెండు వాక్యాలూ నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. అనుకునే కొద్దీ వాటిని కాస్త సరిచేయాలని నాలుక దురద పెట్టింది. 'కంప తీస్తే వస్తుందట' అంటే చాలు, ఆవుల దగ్గర అవస్థ పడుతున్న మనిషి సాయంత్రానికే తీసేస్తాడు. రేపు లేచే పురుగులకు ఆకు అందుతుంది. ఒక్క మాట తేడా. డెస్కులో అలాంటివి రోజుకు వంద చేసేదాన్ని, విషయం సూటిగా ఉండాలని. కానీ ఆ అమ్మాయి ఆ మాట అనలేదు.

షెడ్డులో ఆవిడకు అన్నది అన్నట్టు చెప్పాను. చెంప సంగతి కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇంగేమన్నా అనిందా?" అంది. అంతే అన్నాను. ఆవిడ కొంగు దోపుకుని బయటికి నడిచింది, నేను వెనకాలే నడిచాను. ముళ్లకంప అవతల మరిది ఆవులకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఏమబ్బా!" అని కేకేసింది ఆవిడ. "నీ పెండ్లాం చెప్పి పంపించింది. ముందు కంప తీయల్లంట. వచ్చేదీ రానిదీ తర్వాత మాటంట."

అతను గడ్డి వేస్తూనే ఉన్నాడు. చుట్టుపక్కల పొలాల్లో వంగి ఉన్నవాళ్లు లేచి చూశారు. ఆవిడ ఇంకోసారి, అవే మాటలు, అదే వరసలో చెప్పి వెనక్కి తిరిగింది.

బుధవారం పురుగులు లేచాయి. ఆ రోజూ మర్నాడూ పూటపూటా చెరువు కట్ట మీద నుంచే ఆకు మోశాం. నేను మోసింది పెద్ద లెక్కలోకి రాదు, రెండు కట్టలకే మెడ పట్టేసింది. అయినా చాలలేదు. ఒక వరస పురుగుల్ని ఆవిడ ఎరువు గుంతలో పోసింది. నేను అటు చూడలేక నిలబడ్డాను. గురువారం సాయంత్రం అనంతపురం నుంచి సోమవారం వచ్చి చేరమని ఫోను వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించానేమో, సరిగ్గా గుర్తులేదు.

శనివారం పొద్దున బట్టలు సర్దుకుంటుంటే ఆవిడ ఫోను చేసింది. వెనకాల షెడ్డులో పురుగులు ఆకు కొరికే చప్పుడు గట్టిగా వినిపిస్తోంది.

"మొన్న రేత్రే కంప తీసినాడు మేడం. పూరా తీసినాడు, కాల్చేసినాడు కూడా."

"ఆ అమ్మాయి?"

"తీసినామని వాళ్లన్నకు ఫోను చేయించినాడు. బస్సుకు ఎదురు పోయి నిలబడినాడు నిన్న, పొద్దున బస్సుకు, మాపటి బస్సుకు. ఆయమ్మ రాలేదు."